వన్యప్రాణి జీవశాస్త్రం: విశ్వవిద్యాలయంలో ఏమి నేర్పుతారు, ఎందుకు అలా నేర్పుతారు

క్లుప్తంగా

వన్యప్రాణి జీవశాస్త్రం, పరిరక్షణ కోర్సుల్లో చేరేవారిలో ఎక్కువమందిని అక్కడికి రప్పించేది జంతువుల మీద ఇష్టమే. చేరాక ఎక్కువ సమయం మాత్రం లెక్కింపు పద్ధతులు, గణాంక శాస్త్రం, క్షీణతకు కారణాల వెదుకులాట, మనుషుల మధ్య తగాదాల అధ్యయనంతో గడుస్తుంది. కంటికి సరిగా దొరకని జీవుల గురించి నమ్మదగిన మాట చెప్పాలంటే మరో దారి లేదు కాబట్టే చదువు ఇలా ఉంది. ఈ చదువు ఎక్కడి నుంచి వచ్చింది, దేని మీద నిలబడింది, చదివినవారికి ఎలాంటి పని దొరుకుతుంది, కోర్సు ఎంచుకునేటప్పుడు ఏమి చూడాలి అన్నవే ఈ వ్యాసంలోని విషయాలు.

పేర్లు వేరు, పుట్టుక వేరు

జంతుశాస్త్రం, జీవావరణ శాస్త్రం, వన్యప్రాణి జీవశాస్త్రం, పరిరక్షణ జీవశాస్త్రం, అటవీ శాస్త్రం. ప్రవేశ ప్రకటనల్లో ఈ పేర్లన్నీ పక్కపక్కనే కనబడతాయి. వాటి మధ్య తేడా మాత్రం సాధారణంగా ఎక్కడా రాసి ఉండదు. జంతుశాస్త్రం జంతువు శరీరంతో మొదలవుతుంది: నిర్మాణం, పరిణామం, వర్గీకరణ, ప్రవర్తన. జీవావరణ శాస్త్రానికి జీవికీ పరిసరాలకూ ఉన్న సంబంధం ప్రధానం. అక్కడ పెద్దపులికి ఎంత విలువో నేలలోని శిలీంధ్రానికీ అంతే. వన్యప్రాణి జీవశాస్త్రం స్వేచ్ఛగా తిరిగే జంతువుల సంఖ్యనూ ఆవాసాన్నీ పరిశీలించి, వాటి విషయంలో ఏమి చేయాలో కూడా చెప్పవలసిన శాస్త్రం. పరిరక్షణ జీవశాస్త్రం ఒక జాతి ఎలా అంతరిస్తుంది, ఆ ప్రక్రియను ఎక్కడ ఆపవచ్చు అన్న ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

ఈ చివరి రెండూ ఇప్పుడు ఒకే డిగ్రీ పేరులో కలిసి కనబడుతున్నా, అవి పుట్టిన ఇళ్లు వేరు. మొదటిది వేట నుంచి వచ్చింది. 1933లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం అటవీ నిపుణుడు ఆల్డో లియోపోల్డ్ కోసం వేట జంతువుల నిర్వహణ పేరుతో ఒక ఆచార్య పదవిని ఏర్పాటు చేసింది. వచ్చే ఏడాదికి కూడా జింకలు, బాతులు మిగలాలంటే ఈ ఏడాది ఎన్నింటిని వేటాడనివ్వవచ్చు అన్నది ఆనాటి కీలక ప్రశ్న. 1937లో ఆ రంగంలోని వారు ది వైల్డ్‌లైఫ్ సొసైటీగా ఏర్పడ్డారు. రెండోది జన్యుశాస్త్రం, పరిణామ శాస్త్రం చదివినవారి ఆందోళన నుంచి వచ్చింది. 1967లో రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ ద్వీపాల మీద జాతుల సంఖ్య ఎలా నిర్ణయమవుతుందో వివరించే సిద్ధాంతాన్ని ప్రకటించారు. ముక్కలైన అడవులు కూడా ఒక విధంగా ద్వీపాలేనన్న ఆలోచన దాని నుంచే బలపడింది. మైకేల్ సూలే 1985లో రాసిన వ్యాసంలో పరిరక్షణ జీవశాస్త్రాన్ని సంక్షోభ శాస్త్రమని పిలిచాడు. అన్ని వాస్తవాలూ చేతికి అందేలోపే నిర్ణయం తీసుకోవలసి వచ్చే శాస్త్రమని దాని అర్థం. ఆ ఏడాదే ఈ రంగానికి అంతర్జాతీయ సంఘం కూడా ఏర్పడింది.

ఈ చరిత్ర విద్యార్థికి అక్కరకు వచ్చేదే. అటవీ, వ్యవసాయ విద్య నుంచి ఎదిగిన విభాగంలో ఆవాస నిర్వహణ, జంతువుల సంఖ్య లెక్కలు, ప్రభుత్వ శాఖలతో సంబంధాలు బలంగా ఉంటాయి. జీవశాస్త్ర విభాగం నుంచి చీలి వచ్చినచోట జన్యుశాస్త్రం, సిద్ధాంతం, పరిశోధనా పత్రాలు ముందుంటాయి. డిగ్రీ పేరు ఒకటే అయినా బయటికి వచ్చే మనిషి వేరుగా తయారవుతాడు.

ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న

వన్యప్రాణి శాస్త్రంలో అన్నిటికన్నా తేలికగా కనబడే ప్రశ్న ఇదే, అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే. భారతదేశంలో 1972లో తొలిసారి దేశవ్యాప్తంగా పులులను లెక్కించి 1827 ఉన్నాయని తేల్చారు. అప్పటి నుంచి దశాబ్దాల పాటు ప్రధాన ఆధారం అడుగుజాడలు. మట్టిలో కనబడిన పాదముద్ర మీద గాజు పలక పెట్టి కాగితం మీద గీసుకునేవారు, లేదా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసేవారు. అనుభవం ఉన్న కన్ను ఏ ముద్ర ఏ పులిదో పోల్చగలదని నమ్మకం. ఆ నమ్మకాన్ని తెలిసిన పులుల మీద, తెలిసిన సంఖ్యల మీద పరీక్షించడం మాత్రం సరిగా జరగలేదు. ఒకే పులి పాదం తడి మట్టిలో ఒకలా, పొడి ఇసుకలో మరోలా, పరుగులో ఇంకోలా పడుతుంది. పైగా ముద్ర దొరకని పులుల సంగతి ఈ పద్ధతికి తెలియదు. రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులు కొనసాగుతుండగానే, అడవిలో ఒక్కటీ మిగలలేదని 2005లో తేలింది. ఆ తర్వాత జాతీయ లెక్కింపు పద్ధతే మారిపోయింది.

దాని స్థానంలో వచ్చిన ఆలోచన నిజానికి పాతదే. డెన్మార్క్‌కు చెందిన పీటర్సన్ 1896లో చేపల మీద, అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ లింకన్ 1930లో బాతుల మీద వాడిన లెక్క అది. ఒక చోట 40 జంతువులను పట్టి, గుర్తు వేసి వదిలారనుకుందాం. కొన్నాళ్లకు మళ్లీ 50 పట్టుబడితే, వాటిలో 20కి గుర్తు కనబడింది. అంటే రెండోసారి చిక్కినవాటిలో సగం గుర్తు ఉన్నవి. కాబట్టి మొత్తం జంతువుల్లోనూ గుర్తు ఉన్నవి సగమే అయి ఉండాలి. 40 సగమైతే మొత్తం 100. ఎన్నడూ చిక్కని జంతువులను కూడా ఈ లెక్క అంచనాలోకి తెస్తుంది.

అయితే ఈ లెక్క కొన్ని షరతుల మీద నిలబడుతుంది. రెండు విడతల మధ్య జంతువులు పుట్టకూడదు, చావకూడదు, వలస పోకూడదు. గుర్తులు చెరిగిపోకూడదు. ప్రతి జంతువుకూ చిక్కే అవకాశం సమానంగా ఉండాలి. ఒకసారి చిక్కిన జంతువు భయపడి బోను దరిదాపులకు రాకపోతే, రెండోసారి గుర్తు ఉన్నవి తక్కువగా కనబడి మొత్తం సంఖ్య ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతుంది. బోనులోని ఎర రుచి మరిగి అదే జంతువు మళ్లీ మళ్లీ వస్తే ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది. ఎం.ఎస్సీ. స్థాయి కోర్సుల్లో వారాల తరబడి చదివేది ఇటువంటి షరతుల గురించే: ఏది చెదిరితే అంచనా ఎటు వైపు ఒరుగుతుంది, ఒరిగిందని ఎలా పసిగట్టాలి, లెక్కలో దాన్ని ఎలా సరిచేయాలి.

పులికి గుర్తు వేయవలసిన అవసరం లేదు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. 1995లో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో కెమెరా ట్రాప్ (జంతువు ముందు నుంచి వెళ్లగానే దానంతటదే ఫొటో తీసే కెమెరా) ఫొటోలకు ఈ లెక్కను అన్వయించి చూపాడు. ఇందులో ఒక మెలిక ఉంది. ఒకే పులికి కుడి వైపు చారలు, ఎడమ వైపు చారలు వేరువేరుగా ఉంటాయి. ఒక చోట కుడి వైపు ఫొటో, మరో చోట ఎడమ వైపు ఫొటో దొరికితే అవి ఒకే పులివో, రెండు పులులవో చెప్పలేం. అందుకే దారికి రెండు పక్కలా, మోకాలెత్తులో, జతగా కెమెరాలు కడతారు. వాటిని సరిగ్గా ఎదురెదురుగా కాకుండా కాస్త పక్కకు జరుపుతారు, ఒకదాని ఫ్లాష్ మరోదాని ఫొటోను చెడగొట్టకుండా. విద్యార్థి అడవిలో నేర్చుకునేది ఎక్కువగా ఇలాంటి పనే: ఏ దారి మీద కట్టాలి, గడ్డి ఊగి వేల కొద్దీ ఖాళీ ఫొటోలు పడకుండా ముందు ఎంత మేర కోయాలి, కెమెరా గడియారాలన్నీ ఒకే సమయం చూపుతున్నాయా లేదా.

కొత్త పద్ధతిలో 2006లో జరిగిన అంచనాలో దేశం మొత్తం మీద 1411 పులులు అన్న అంకె వచ్చింది. దేశమంతటా ప్రచారంలోకి వెళ్లింది ఆ ఒక్క అంకే. అంచనాలో దాని పక్కన మరో రెండు అంకెలు ఉన్నాయి: 1165 నుంచి 1657 వరకు. అసలు సంఖ్య ఈ రెండిటి మధ్య ఉండవచ్చని అర్థం. శాస్త్రవేత్త చెప్పిన మాట ఆ వ్యవధి. మధ్య అంకెను మాత్రమే పట్టుకుంటే, తర్వాతి అంచనాలో వచ్చే చిన్న మార్పును పెరుగుదలగానో తరుగుదలగానో పొరబడే ప్రమాదం ఉంది. ఈ రంగంలో డిగ్రీ చదివినవారికీ చదవనివారికీ మధ్య తేడా చూపే గుర్తు ఒకటి చెప్పాలంటే, ఆ వ్యవధి ఎంత అని అడగడమే.

గుర్తుపట్టలేని జంతువులకు వేరే దారులు ఉన్నాయి. జింకల్లాంటి వాటికి నేరుగా గీసిన దారి వెంట తెల్లవారుజామున నడుస్తారు. మంద కనబడగానే అది ఎంత దూరంలో ఉంది, నడిచే దారికి ఎంత కోణంలో ఉంది అన్నవి కొలిచి రాసుకుంటారు. 60 మీటర్ల దూరంలో, 30 డిగ్రీల కోణంలో కనబడితే ఆ మంద దారికి 30 మీటర్ల పక్కన ఉన్నట్టు. దారి నుంచి దూరం పెరిగే కొద్దీ కంటికి తప్పిపోయే జంతువులు ఎలా పెరుగుతాయో వందల కొలతల నుంచి గణితం తేలుస్తుంది. ఇక చాలా అరుదైన జంతువు విషయంలో ఎన్ని అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఉందా లేదా అన్నదే అడుగుతారు. అక్కడా జాగ్రత్త అవసరం. జంతువు అక్కడే ఉండి, ఒకసారి వెళితే కనబడే అవకాశం 30 శాతమే అయితే, ఐదుసార్లు వెళ్లినా ఒక్కసారీ కనబడకపోయే అవకాశం దాదాపు 17 శాతం. పర్యావరణ ప్రభావ నివేదికలో ఆ జంతువు ఇక్కడ లేదు అన్న వాక్యం కనబడినప్పుడు ఎన్నిసార్లు వెళ్లారు, కనబడే అవకాశం ఎంత అని అడగకపోతే ఆ వాక్యానికి విలువ లేదు. దాని ఆధారంగా ఒక గని తవ్వవచ్చు, ఒక చిత్తడి నేలను పూడ్చవచ్చు. గణాంక శాస్త్రం ఈ చదువులో అంత స్థలం ఎందుకు తీసుకుంటుందో ఇక్కడ తెలుస్తుంది.

ఎందుకు తగ్గుతున్నాయి

సంఖ్య తెలిస్తే సగం పనే అయినట్టు. తగ్గుతున్నాయని తేలాక కారణం కావాలి. ఆస్ట్రేలియాలో పనిచేసిన గ్రేమ్ కాలీ 1994లో ఈ రంగంలోని రెండు ఆలోచనా ధోరణులను విడదీసి చూపాడు. ఒకటి, సంఖ్య చిన్నదైపోయిన గుంపుకు వచ్చే ఇబ్బందులను చదివేది. రెండోది, అసలు సంఖ్య ఎందుకు పడిపోయిందో చదివేది. మొదటిదానికి అందమైన సిద్ధాంతాలున్నా, జాతులను నిజంగా కాపాడేది ఎక్కువగా రెండోదేనని, దానికి తగిన సిద్ధాంతం మాత్రం బలహీనంగా ఉందని అతని వాదన. ముప్పై ఏళ్లు దాటినా ఆ వాదన పదును తగ్గలేదు.

మొదటి ధోరణికి అమెరికాలోని ఫ్లోరిడా పాంథర్ (ప్యూమా అనే పెద్దపిల్లి) మంచి ఉదాహరణ. 1990ల తొలినాళ్లకు 20 నుంచి 30 వరకే మిగిలాయి. దగ్గరి రక్తసంబంధం ఉన్నవే జతకట్టడంతో తోక చివర వంకర, గుండె లోపాలు, మగవాటిలో వృషణాలు దిగకపోవడం కనబడ్డాయి. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడవాటిని తెచ్చి వదిలాక లోపాలు తగ్గాయి, సంఖ్య పెరిగింది. జన్యు వైవిధ్యం పాఠం ఎందుకు ఉంటుందో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు.

రెండో ధోరణికి దక్షిణాసియా రాబందుల కథ కన్నా గట్టి పాఠం దొరకడం కష్టం. 1990ల వరకు ఇవి ఎంత సాధారణమంటే వాటిని లెక్కించాలన్న ఆలోచన కూడా పెద్దగా ఉండేది కాదు. పదిహేనేళ్లలో తెల్లవీపు రాబందు 99 శాతానికి పైగా పడిపోయింది. మరో రెండు జాతులు కూడా దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆహారం తగ్గలేదు, గూళ్లు కట్టే చెట్లు అలాగే ఉన్నాయి. అంటువ్యాధి అయి ఉంటుందని మొదట బలంగా అనుకున్నారు. పాకిస్తాన్‌లో చనిపోయిన పక్షులను కోసి చూసినప్పుడు లోపలి అవయవాల మీద యూరిక్ ఆమ్లం తెల్లగా పేరుకుని కనబడింది. అంటే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వైరస్‌లు వెదికారు, పురుగుమందులు వెదికారు, భారలోహాలు వెదికారు. దొరకలేదు. చివరికి పశువైద్యంలో నొప్పులకు విరివిగా వాడే డైక్లోఫెనాక్ మీద దృష్టి పడింది. 2004లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, అవయవాల మీద తెల్లపూత ఉన్న 25 పక్షుల్లో 25లోనూ ఆ మందు ఆనవాళ్లు ఉన్నాయి. వేరే కారణాలతో చనిపోయిన 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ లేవు.

అనుమానం నిర్ధారణగా మారడానికి అది కూడా సరిపోలేదు. మందు ఇచ్చిన పశువుల మాంసం రాబందులకు పెడితే అదే జబ్బు, అదే మరణం వస్తాయని ప్రయోగంలో తేలాలి. తేలింది. ఇంతటి పతనానికి ఎన్ని కళేబరాల్లో మందు ఉండాలి అన్నది మరో ప్రశ్న. గణిత నమూనా చెప్పిన జవాబు ఆశ్చర్యం కలిగిస్తుంది: నూటికి ఒకటి కూడా అక్కర్లేదు. రాబందులు గుంపుగా తింటాయి. ఒక్క విషపు కళేబరం పదుల కొద్దీ పక్షులను చంపుతుంది. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టి, ఏళ్ల తరబడి పెరిగి పెద్దయ్యే పక్షికి ఆ నష్టాన్ని పూడ్చుకునే శక్తి లేదు. 2006లో భారత్, పాకిస్తాన్, నేపాల్ పశువులకు డైక్లోఫెనాక్‌ను నిషేధించాయి. మెలాక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదని తేలడంతో ప్రత్యామ్నాయం దొరికింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని బయటపడ్డాక భారత్ 2015లో ఆ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించింది.

పక్షుల లెక్క, శవపరీక్ష, రసాయన విశ్లేషణ, రాబందుల మీద ప్రయోగం, గణిత నమూనా, మందుల దుకాణాల సర్వే, చట్టం: ఇందులో ఏ ఒక్క మెట్టు జారినా కథ అక్కడే ఆగిపోయేది. ఒకే మనిషి ఇవన్నీ చేయలేడు. కానీ వీటిలో ఏది ఎప్పుడు అవసరమో తెలిసి, ఆయా నిపుణులతో వారి భాషలో మాట్లాడగలవాడు కావాలి. ఈ డిగ్రీ తయారు చేయాల్సింది అటువంటి వారినే.

జంతువు జీవితం తెలియకపోతే మంచి ఉద్దేశం కూడా ఎలా బెడిసికొడుతుందో బ్రిటన్‌లోని లార్జ్ బ్లూ సీతాకోకచిలుక చూపింది. దాని సంఖ్య తగ్గడానికి సీతాకోకచిలుకలను సేకరించేవారి బెడదే కారణమనుకుని ఒక చోట కంచె వేశారు. కంచె మనుషులతో పాటు మేతకు వచ్చే పశువులనూ ఆపింది. దీని గొంగళిపురుగు ఒక ప్రత్యేక జాతి ఎర్రచీమ పుట్టలోకి చేరి అక్కడే పెరుగుతుంది. ఆ చీమకు ఎండ తగిలి వెచ్చబడిన నేల కావాలి. మేత ఆగి, 1950లలో జబ్బుతో కుందేళ్లు కూడా చనిపోవడంతో గడ్డి కొన్ని సెంటీమీటర్లు పెరిగింది. నేల చల్లబడింది, చీమలు పోయాయి, వాటితో సీతాకోకచిలుకా పోయింది. జెరెమీ థామస్ పరిశోధనలో ఈ సంగతి తేలేసరికి ఆలస్యమైంది. 1979లో బ్రిటన్‌లో అది అంతరించింది. తర్వాత మేతను సరిదిద్ది, 1980లలో స్వీడన్ నుంచి తెచ్చి మళ్లీ స్థిరపరిచారు. మొక్కల గుర్తింపు, కీటక శాస్త్రం ఎందుకు చదవాలని విసుక్కునే విద్యార్థులకు ఇది సూటి జవాబు.

పరిశోధనే హాని చేసినప్పుడు

జంతువును పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, కాలర్ తగిలించడం ఈ చదువులో ఆకర్షణీయంగా కనబడే భాగాలు. వాటికి ముందు నైతిక సమీక్ష ఉంటుంది, ఉండి తీరాలి. రాజా పెంగ్విన్ల రెక్కలకు గుర్తింపు కోసం లోహపు పట్టీలు తొడిగేవారు. పదేళ్ల అధ్యయనం 2011లో వెలువడింది: పట్టీ ఉన్న పక్షుల మనుగడ 16 శాతం తగ్గింది, వాటికి పుట్టిన పిల్లలు 39 శాతం తక్కువ. ఈదేటప్పుడు నీటి నిరోధం పెంచి పట్టీ పక్షి శక్తిని హరించింది. హాని అక్కడితో ఆగలేదు. అంతకుముందు పట్టీలు ఉన్న పక్షుల ఆధారంగా వాతావరణ మార్పు ప్రభావం గురించి చేసిన నిర్ధారణల మీద కూడా సందేహం పడింది. కొలిచే పనిముట్టే కొలతను మార్చింది.

మనుషుల సంగతి

పరిరక్షణ విఫలమైన చోట్ల జీవశాస్త్రం తెలియకపోవడం కన్నా, ఖర్చు ఎవరి మీద పడుతోందో చూడకపోవడమే తరచుగా కారణం. ఏనుగు బతికి ఉండటం వల్ల కలిగే ఆనందం ప్రపంచానిది. అది తొక్కిన పంట ఒక కుటుంబానిది. పరిహారం ఇస్తే సరిపోతుందని తోస్తుంది. కానీ నష్టాన్ని నిరూపించాలి, దరఖాస్తు పెట్టుకోవాలి, నెలల తరబడి తిరగాలి. రాత్రుళ్లు కాపలా కాసిన నిద్రలేమికీ, బడి మానిన పిల్లల చదువుకూ ఏ పట్టికలోనూ ధర ఉండదు. ఈ అంశాలను కొలవడానికి సర్వే పద్ధతులు, ఇంటర్వ్యూ విధానాలు, ఆర్థిక శాస్త్రం నేర్పుతారు. చాలామంది విద్యార్థులు దీన్ని పక్క పేపరుగా చూస్తారు. చదివిన విభాగం కూడా అలాగే చూస్తే నష్టం పెద్దది.

కెన్యాలో పొలాల చుట్టూ తేనెపెట్టెలను తీగతో కలిపి వేలాడదీసే పద్ధతి లూసీ కింగ్ పరిశోధన నుంచి వచ్చింది. తేనెటీగల శబ్దం వింటే ఏనుగులు వెనుదిరుగుతాయని ముందు ప్రయోగంతో నిర్ధారించి, తర్వాత కంచెగా మలిచారు. ఏనుగు తీగను తాకితే పెట్టెలు ఊగి తేనెటీగలు లేస్తాయి. రైతుకు తేనె అదనపు రాబడి. కరువు వచ్చి పూలు లేకపోతే తేనెటీగలు పెట్టెలు వదిలిపోతాయి, కంచె పనిచేయదు. ఒక చోట నెగ్గిన ఉపాయాన్ని మరో చోటికి తీసుకెళ్లే ముందు అది ఏ పరిస్థితుల్లో నెగ్గిందో అడగడం నేర్పేది ఇలాంటి ఉదాహరణలే. నమీబియా 1996లో చట్టం చేసి, సమష్టి భూముల్లోని ప్రజలు సంఘాలుగా ఏర్పడితే వన్యప్రాణుల నిర్వహణ మీద, వాటి వల్ల వచ్చే రాబడి మీద హక్కులు ఇచ్చింది. ఖర్చు భరించేవారికే లాభం చేరాలన్న సూత్రానికి అది పెద్ద ఎత్తున జరిగిన పరీక్ష. పర్యాటకం, వేట అనుమతుల మీద రాబడి ఎక్కువగా ఆధారపడటం దాని బలహీనత.

యంత్రాలు వచ్చాక

కెమెరా ఫొటోల్లోని జంతువులను ఇప్పుడు కృత్రిమ మేధ గుర్తిస్తోంది. నీటి చుక్కలోని డీఎన్ఏతో చెరువులో ఏ చేపలున్నాయో చెప్పగలుగుతున్నారు. రాత్రంతా నడిచే రికార్డర్లు గబ్బిలాలను, కప్పలను పట్టిస్తున్నాయి. చేతిపని తగ్గింది, చదువు మాత్రం తగ్గలేదు. యంత్రం ఫొటోలో ఉన్నదాని పేరు చెబుతుంది. ఫొటో పడని జంతువు అక్కడ లేదా, లేక కెమెరా తప్పు దారి మీద ఉందా అన్నది మనిషే తేల్చాలి. ప్రవాహంలో దొరికిన డీఎన్ఏ ఎన్ని కిలోమీటర్ల పైనుంచి కొట్టుకొచ్చిందో కూడా అంతే. మారింది ఒక్కటి: ప్రోగ్రామింగ్ రాకుండా ఈ రంగంలో నెగ్గుకురావడం కష్టమైపోయింది. ఉచితంగా దొరికే ఆర్ అనే గణాంక భాష దాదాపు అన్ని కోర్సుల్లో తప్పనిసరి పనిముట్టు.

చదివాక

ప్రభుత్వ అటవీ, మత్స్య, పర్యావరణ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు, పరిశోధనాలయాలు, జంతుప్రదర్శనశాలలు అందరికీ తెలిసిన దారులు. పెద్దగా చర్చకు రానిది పర్యావరణ సలహా సంస్థల పని. అమెరికాలో జాతీయ పర్యావరణ విధాన చట్టం 1970లో అమల్లోకి వచ్చాక, పెద్ద ప్రాజెక్టులకు ముందే ప్రభావ అంచనా వేయాలన్న నియమం ఒక దేశం తర్వాత మరో దేశానికి పాకింది. రోడ్డు, ఆనకట్ట, గాలిమర ఏది కట్టాలన్నా ముందు సర్వే చేయడానికి మనుషులు కావాలి. జీతం క్రమంగా వచ్చే ఉద్యోగాలు ఇక్కడ ఉన్నాయి. అయితే సర్వేకు డబ్బిచ్చేది తరచుగా కట్టాలనుకునే సంస్థే. అక్కడ నిలబడి లెక్కను లెక్కగా చెప్పడానికి నైపుణ్యంతో పాటు వెన్నెముక కావాలి. ఈ విషయాన్ని తరగతిలో దాపరికం లేకుండా చర్చించే విభాగాలు విద్యార్థికి మేలు చేస్తున్నాయి.

ప్రవేశ స్థాయిలో పరిస్థితి కఠినంగా ఉంది. పని చాలావరకు కొన్ని నెలల ఒప్పందాలది. అనుభవం ఉంటే తప్ప ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకుండా అనుభవం లేదు అన్న చిక్కుముడిని జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు విప్పుతాయని చెబుతారు. ఖర్చులు భరించగల కుటుంబాల పిల్లలకే అవి అందుబాటులో ఉంటాయి. ఫలితంగా అడవి అంచున పుట్టి, జంతువులతో నిత్యం మెలిగినవారు ఈ రంగంలో తక్కువవుతున్నారు. ఇది న్యాయపరంగానూ శాస్త్రపరంగానూ నష్టమే. ఇక డబ్బు కట్టించుకుని పులి కూనలనో సింహం కూనలనో ఎత్తుకోనిచ్చే స్వచ్ఛంద సేవా కార్యక్రమాలు అనుభవం కిందికి రావు. కూనలను నిరంతరం పుట్టించి తల్లి నుంచి వేరు చేస్తే తప్ప ఆ వ్యాపారం నడవదు.

పాఠ్య ప్రణాళికలో చూడవలసినవి

కోర్సు పుస్తికలోని ఫొటోలు ఏమీ చెప్పవు. పేపర్ల జాబితా చెబుతుంది. గణాంక శాస్త్రం ఒక సెమిస్టర్‌తో ముగుస్తోందా, జంతువుల సంఖ్యను అంచనా వేసే పద్ధతులకు విడిగా పేపరు ఉందా, మొక్కల గుర్తింపు ఉందా, సామాజిక పరిశోధన పద్ధతులు తప్పనిసరా ఐచ్ఛికమా అన్నవి మొదట చూడాలి. క్షేత్ర శిక్షణ విషయంలో రోజుల సంఖ్య కన్నా, విద్యార్థే ప్రశ్న వేసి, సేకరణను రూపొందించి, సొంత సమాచారాన్ని విశ్లేషించే అవకాశం ఉందా అన్నది ముఖ్యం. అధ్యాపకుడి వెంట పదిహేను రోజులు నడిచిన యాత్రకు, రెండు నెలలు సొంతంగా చేసిన చిన్న అధ్యయనానికి పోలిక లేదు.

బ్యాచిలర్ స్థాయిలోనే ప్రత్యేక డిగ్రీ ఎంచుకోవడమా, జీవశాస్త్రంలోనో గణితంలోనో విశాలమైన పునాది వేసుకుని మాస్టర్స్‌లో ఇటు రావడమా అన్నది తరచుగా ఎదురయ్యే సందిగ్ధం. ప్రత్యేక డిగ్రీ తొందరగా పనిలోకి దింపుతుంది. కొన్ని దేశాల్లో ప్రభుత్వ ఉద్యోగాలకు, వృత్తి ధ్రువీకరణకు నిర్దిష్టమైన పేపర్లు చదివి ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి అక్కడ అదే సురక్షితం. విశాలమైన పునాది ఉన్నవారికి రంగం మారవలసి వస్తే దారులు ఎక్కువ. పరిశోధనలో ఎదగాలనుకునేవారికి గణితం, భౌతిక శాస్త్రం, కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చినా తలుపులు తెరిచే ఉన్నాయి. పేరున్న పరిశోధకుల్లో అలా వచ్చినవారు తక్కువేమీ కాదు.

విభాగాన్ని అడగదగిన మరో ప్రశ్న, గత ఐదేళ్ల విద్యార్థుల పరిశోధన సమాచారం ఇప్పుడు ఎక్కడ ఉంది అన్నది. దాన్ని భద్రపరిచి, బహిరంగ భాండాగారంలో ఉంచి, సంబంధిత అటవీ శాఖకో స్థానిక సంఘానికో అందజేసే ఏర్పాటు ఉంటే, ఒక విద్యార్థి ఎక్కిన గుట్టను పదేళ్ల తర్వాత మరో విద్యార్థి అదే దారిలో ఎక్కి, అదే పద్ధతిలో లెక్కించి, తేడా చెప్పగలుగుతాడు. దీర్ఘకాలిక సమాచారం అలాగే తయారవుతుంది. ఏర్పాటు లేనిచోట ఆ కొలతలు ఒక థీసిస్ అట్టల మధ్యే మిగిలిపోతాయి, తర్వాత వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.